తెల్ల గోలీలు

కాజీపల్లి
జూలై, ఆదివారం

వదినకు,

ఫోన్లున్న కాలంలో ఉత్తరమేంటని నవ్వుతావు. నవ్వు. నా ఫోన్ పోయిన నెల నీళ్ల డ్రమ్ములో స్నానం చేసింది, ఇంక లేవలేదు. అనిల్ ఫోనేమో ఆయన జేబులోనే ఉంటుంది. ఆయన రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుంటాడు. మాకున్న ఒక్క గదిలోనే మంచం, పొయ్యి, దేవుడు అన్నీ. నేను గిన్నె జెర గట్టిగా పెట్టినా ఉలిక్కిపడి లేస్తాడు. ఇంక ఫోన్ పట్టుకుని నీతో ఇకఇకలు పకపకలు ఎక్కడ కుదురుతాయి? అన్న పనిచేసే మందుల కంపెనీ బస్సు ఎట్లాగూ మా సందు ముందే ఆగుతుంది కనుక ఈ కాగితం ఆయన చేతికిస్తున్నాను. మా అన్న చదవడు. కూరగాయల చిట్టీయే తిరగేసి చూడని మనిషి.

ఐదో నెల వచ్చింది. వాంతులు తగ్గాయి. ఇప్పుడు నడుము మొదలుపెట్టింది. రెండో అంతస్తుకి నీళ్లు నేనే మోసుకోవాలి. అనిల్‌ని లేపబుద్ధి కాదు. సాయంత్రమయ్యేసరికి వెనక ఎవరో చెయ్యి పెట్టి పిండుతున్నట్టు ఉంటుంది. ఆశా వర్కర్‌కి చెబితే "ఎక్వ నొప్పైతే డాక్టరమ్మను అడిగి పారాసిటమాల్ ఏసుకో, అడగకుంట ఏదీ ఏసుకోకు" అంది. నడుంనొప్పికి కూడా దవాఖానకి పోయి లైన్లో నిలబడితే నవ్వరా? అమ్మ ఉంటే అమ్మనడిగేదాన్ని. ఇద్దరిని కన్నదానివి, నువ్వు చెప్పు. నువ్వేం చేసేదానివి?

తనుశ్రీ


ఇంద్రేశం
జూలై, గురువారం

తనూ,

నీ ఉత్తరం చదివి మీ అన్నకి కూడా చదివి వినిపించాను. కూరగాయల చిట్టీ మాట దగ్గర మొహం ముడుచుకున్నాడు. బాగా అయింది.

నడుంనొప్పికి ఇంత పురాణమా? ఇద్దరు పిల్లలప్పుడూ నేను ఆ నొప్పితోనే వరి కోతలకి పోయాను. మీ నాన్న ఇంకా పొలం అమ్మని రోజులవి. ఇప్పుడు అక్కడ ప్లాట్ల రాళ్లు పాతారులే. నొప్పి మరీ లేస్తే డబ్బాలోంచి తెల్ల గోలీ ఒకటి వేసుకునేదాన్ని, అంతే. మీ అన్న కంపెనీలో అంచు విరిగినవి, గీత సరిగా పడనివి పక్కకి తోసేస్తారు. అవి కొన్ని ఆయన టిఫిన్‌లో ఇంటికి చేరతాయని నీకు తెలియనిదా? ఈ గోలీలు లేని ఇల్లు మా వీధిలో లేదు. గులాబీవి దగ్గుకి, పసుపువి కడుపుకి, తెల్లగా పొడుగ్గా మధ్యలో గీత ఉన్నవి నొప్పికి. ఆ తెల్లవే ఆ పారాసిటమాల్. దవాఖానలో ఇచ్చేదీ అదే. ఊరికే లైన్లో ఎందుకు నిలబడతావు?

హార్లిక్స్ సీసాలో పోసి పంపుతున్నాను. నొప్పి లేస్తే ఒకటి. భయపడకు, నేను తిన్నవే.

ఇంకో మాట. తొలికాన్పు పుట్టింట్లోనే. మీ అమ్మ లేదని నువ్వు వేరే లెక్కలు వేసుకోకు. ఇప్పుడు ఆ ఇంటి పెత్తనం నాది. ఎనిమిదో నెల రాగానే వచ్చి తీసుకుపోతాను. మీ అత్త నర్సింహమ్మకి ఇప్పుడే చెవిన వేసి ఉంచు.

నీ వదిన
పుష్ప


కాజీపల్లి
ఆగస్టు మొదటి వారం

వదినా,

నీ చేతిలో ఏదో మహిమ ఉంది. గోలీ వేసుకుని గిన్నెలు కడిగేసరికి నడుము నాది కానట్టు అయిపోయింది. పెళ్లికి ముందు జ్వరాలకి పారాసిటమాల్ ఎన్నిసార్లు వేసుకోలేదు, ఇంత బాగా ఎప్పుడూ పని చేయలేదు. కంపెనీ నుంచి తాజాగా వచ్చిందనేమో!

మొదట సాయంత్రం ఒకటి వేసుకునేదాన్ని. ఇప్పుడు పొద్దున నీళ్లకి ముందు కూడా ఒకటి. ఎక్కువ పని ఉన్న రోజున మధ్యాహ్నం ఇంకోటి. కింద ఉండే ముత్యమ్మ పెద్దమ్మ చూసి, "నాకు గూడ రెండియ్యి బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయ్" అని పట్టుకుపోయింది. నీ పేరు చెప్పి దీవిస్తోంది.

అనిల్‌కి మాత్రం చెప్పలేదు. ఆయనకి అన్నీ అనుమానాలే. బొప్పాయి ముక్క చూసినా నా చేతిలోంచి లాక్కుంటాడు. పాపో బాబో గానీ లోపల బాగా తన్నుతోంది. అత్తమ్మ కాన్పు మాటకి "సూద్దాం" అంది. ఆమె సూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే.

సీసా అడుగంటింది. ఖాళీ సీసా అన్నకిస్తున్నాను. నిండుగా తిరిగిరావాలి.

తను


ఇంద్రేశం
ఆగస్టు, శనివారం

తనూ,

సీసా నింపాను. మీ అన్న గొణిగాడు, "గేట్ల చెకింగ్ ఎక్వైంది, ఊకె తెమ్మంటె ఎట్ల" అని. చెల్లెలికే కదా అంటే నోరు మూశాడు. ఆయన కూడా భుజం నొప్పికి ఇవే మింగుతున్నాడు. ఈ మధ్య కడుపులో మంట అంటున్నాడు. కంపెనీ క్యాంటీన్‌లో కారం అట్లా పోస్తారు మరి.

పిల్లలు అత్త ఎప్పుడొస్తుందని నా ప్రాణం తీస్తున్నారు. నీ కోసం మధ్య గది ఖాళీ చేశాను. బియ్యం బస్తాలు వరండాలోకి పోయాయి. ఎలుకలు వాటి వెంట పోతాయని ఆశ.

పుష్ప


కాజీపల్లి
సెప్టెంబర్, బుధవారం

వదినకు,

నేను బాగున్నాను. సంగారెడ్డిలో స్కానింగ్ అయింది. అంతా బాగానే ఉందన్నారు. నీళ్లు ఎక్కువ తాగమన్నారు. రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు. అందరినీ రమ్మంటారట.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. అన్న చేతికివ్వలేదు. ఆయనకి ఊరికే ఎందుకు శ్రమ.

బతుకమ్మకి రాలేనేమో. ప్రయాణం వద్దన్నారు. పిల్లల్ని అడిగానని చెప్పు.

తనుశ్రీ


ఇంద్రేశం
సెప్టెంబర్, సోమవారం

తనుశ్రీ గారికి,

గారు అనక ఏమనాలి? పోస్టుమాన్ మా ఇంటికి ఉత్తరం తెచ్చాడని వీధి వీధంతా వచ్చి చూసింది. బ్యాంకు నోటీసు అనుకున్నారు. చదివితే నిజంగా నోటీసులాగే ఉంది.

ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేదానివి నాలుగు లైన్లలో ముగించావు. అంతా బాగుంటే మళ్లీ రెండు వారాలకే ఎందుకు రమ్మంటారు? నన్నేమీ తెలియని దాన్ననుకోకు. నాకు చిన్నోడప్పుడు ఒక్కటే స్కానింగ్ చేశారు. ప్రయాణం ఎవరు వద్దన్నారు? డాక్టరా, మీ అత్తా?

నీకు నామీద కోపమొస్తే తిట్టు. తిట్టడం నీకు బాగానే వచ్చు. ఇట్లా మర్యాదగా మాత్రం రాయకు, భయమేస్తోంది.

పుష్ప


కాజీపల్లి
సెప్టెంబర్, శుక్రవారం

వదినా,

చెబుతాను. అన్నకి మాత్రం చెప్పనని ఒట్టు పెట్టుకున్నాకే కింది లైన్ చదువు.

బిడ్డ చుట్టూ ఉండాల్సిన ఉమ్మనీరు తగ్గిందట. బాగా తగ్గిందట. స్కానింగ్ చేసినామె బొమ్మ చూస్తూ చూస్తూ మాట ఆపేసింది. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చూసింది. నీరు కారిందా అని అడిగింది, లేదన్నాను. బీపీ చూసింది, బాగానే ఉంది. తర్వాత, "నొప్పి గోలీలేమన్న ఏసుకుంటున్నవా అమ్మా? నిజం చెప్పు, నేనేమనను" అంది. అనిల్ పక్కనే ఉన్నాడు. నేను లేదన్నాను.

ఎందుకన్నానో నీకు తెలుసు. పోయినేడు అన్న కంపెనీలో పెద్దరాములు టిఫిన్ డబ్బాలో గోలీలు దొరికితే ఏమయింది? అదే రోజు గేటు బయట నిలబెట్టారు. ఇప్పటిదాకా ఏ కంపెనీ పిలవలేదు. ఏ గోలీలు అంటారు, ఎక్కడ కొన్నావంటారు, చీటీ చూపించమంటారు. ఒకటి చెబితే అన్నీ చెప్పాలి. అయినా అవి పారాసిటమాలే కదా. ఆశా వర్కర్ చెప్పిందీ అదే కదా. చెప్పినా చెప్పకపోయినా తేడా ఏముంది అనుకున్నాను.

వచ్చే స్కానింగ్‌కి కూడా ఇట్లాగే ఉంటే హైదరాబాద్ పంపిస్తారట. ఇంకా తగ్గితే నెలలు నిండకుండానే బయటకి తీయాల్సి రావచ్చంది. ఏడో నెల వదినా. ఎంత ఉంటుంది చెప్పు, గుప్పెడు. తన్నడం కూడా తగ్గింది. అనిల్ డ్యూటీకి పోకుండా నా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటున్నాడు. నాకు చాలా భయంగా ఉంది.

నడుంనొప్పి మాత్రం అట్లాగే ఉంది. గోలీలున్నాయి కనుక సరిపోతోంది. లేకుంటే పిచ్చెక్కేది.

తను


ఇంద్రేశం
సెప్టెంబర్, మంగళవారం

తనూ,

పొద్దున అనిల్ ఫోన్‌కి చేసి "గా గోలీలు బంజెయ్, ఒక్కటి గూడ ముట్టకు" అన్నాను. నువ్వు సరే అని పెట్టేశావు. పక్కన అందరూ ఉన్నారని అర్థమయింది. ఎందుకు మానెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను. ఈ కాగితం మీ అన్న చేతికే ఇచ్చాను. నువ్వు చదవడం అయ్యేదాకా గడప బయటే నిలబడమని, వెనక్కి పోవద్దని చెప్పాను.

ఒట్టు నిలబెట్టుకోలేదు. నీ ఉత్తరం రాగానే ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. "గా తెల్లయి పారాసిటమాలేనా?" అంటే, "నొప్పి గోలీలే" అన్నాడు. "నేనడిగింది గది కాదు" అన్నాను. అప్పుడు చెప్పాడు. మా పిల్లలప్పుడు వాళ్ల లైన్ మీద నడిచింది పారాసిటమాల్. ఉగాది తర్వాత ఆ మిషన్ మీద వేరే మందు నడుస్తోందట. అచ్చు మాత్రం పాతదే. అదే తెలుపు, అదే పొడుగు, అదే గీత. పేరు ఐబుప్రొఫెన్. ఆయన తెచ్చి పాత సీసాలోనే పోశాడు. "రెండూ నొప్పికే గద, ఏదైతేంది?" అన్నాడు. ఆయన కడుపు మంట కూడా క్యాంటీన్ కారం కాదని ఇప్పుడు తెలిసింది.

మందుల షాపుకి పోయి పేరు చెప్పి, ఏడో నెల కడుపుతో ఉన్నవాళ్లకి ఇయ్యొచ్చా అని అడిగాను. షాపాయన చేతిలో ఉన్న పని ఆపి, "ఎవరికిచ్చిన్రు?" అన్నాడు. ఇంక వేరే ఎవర్నీ అడగలేదు.

నేను ఇచ్చాను. తెల్లవి అంటే అవే అనుకున్నాను. రంగు చూసి ఇచ్చాను, పేరు అడగలేదు. నువ్వు ఆశా వర్కర్ మాట విని డాక్టర్‌ని అడిగి ఉంటే నీకు ఇట్లా అయ్యేది కాదు. నేనే నవ్వి, లైన్లో నిలబడొద్దని రాశాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఇప్పుడే, ఈ చీర మీదే, సంగారెడ్డి పో. సీసా పట్టుకుపో. ఎప్పటి నుంచి, రోజుకి ఎన్ని అన్నీ చెప్పు. ఎవరిచ్చారంటే నా పేరు చెప్పు. ఎక్కడివంటే మీ అన్న కంపెనీ పేరు కూడా చెప్పు. నౌకరి పోతుందని మీ అన్న ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. పోతే పోనీ అన్నాను. ప్లాట్లలో ఇటుకలు మోద్దాం. డాక్టర్‌కి తెలియకుండా ఆమె దేనికని వైద్యం చేస్తుంది? నీ అబద్ధం మీ అన్నకి అవసరం లేదు తనూ, నీ బిడ్డకి నీ నిజం కావాలి.

పుష్ప


కాజీపల్లి
సెప్టెంబర్ చివర

వదినకు,

పోయాను. అన్న, అనిల్ ఇద్దరూ వచ్చారు. బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం.

సీసా బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు. ఎక్కడివని అడగను కూడా అడగలేదు. అన్న దానికోసం బయట చెమటలు పట్టి నిలబడ్డాడు. ఆమె అడిగినవి వేరే. పేరేంటి, ఎన్ని, ఎప్పటి నుంచి. రాసుకుని, "గిప్పుడు చెప్పినవ్, మంచిగైంది" అంది. "పారాసిటమాల్ వేరు, గిది వేరమ్మా. పారాసిటమాల్ గూడ అడిగి, తక్వ, అవసరమున్నన్ని రోజులే. గీ జాతి మందులు ఐదో నెల దాటినంక మేం చెప్తె తప్ప ముట్టొద్దు. బిడ్డ మూత్రమే ఉమ్మనీరైతది. గీ గోలీతోని బిడ్డ కిడ్నీల పని మందగిస్తది, నీరు తగ్గుతది. ఇంక నెలలు పెరిగితే గుండె దగ్గరి నాళం మీద గూడ పడతది. నొప్పికి రుద్దుకునే ట్యూబైనా అడిగే రుద్దుకోవాలె." ఆపేస్తే చాలామందికి నీరు మళ్లీ పెరుగుతుందట. నాకు పెరుగుతుందా అంటే, "సూస్తం" అంది. బిడ్డ గుండె కూడా స్కాన్ చేశారు. అది బాగుందన్నారు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను. నాకు నీమీద కోపంగా ఉంది. నువ్వు కావాలని చేయలేదని తెలుసు. తెలిసినా కోపం పోవడం లేదు. సీసా నిండుగా పంపమని నేనే అడిగాను, అది గుర్తొస్తే ఇంకా కోపమొస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు. అనిల్ నాతో మాట్లాడడం లేదు. అత్తమ్మకి తెలిసింది. "ఇగ గా ఇంటికి కాన్పుకు పంపుడు గిట్ల ఏం లేదు" అంది. నేను ఎదురు చెప్పలేదు.

కొన్నాళ్లు రాయకు వదినా.

తనుశ్రీ


ఇంద్రేశం
అక్టోబర్ మొదట్లో

తనూ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదవాలనిపించకపోతే పక్కన పెట్టు.

మీ అత్తమ్మ అన్నది న్యాయమే. నేనైనా అదే అనేదాన్ని. ఎక్కడ సౌకర్యమైతే అక్కడే కాన్పు కానీ. మధ్య గది గురించి ఆలోచించకు.

ఇక్కడి సంగతులు. మీ అన్నతో మాటల్లేవు. అన్నం పెడతాను, తింటాడు. కానీ టిఫిన్ డబ్బా రోజూ ఖాళీగా తెస్తున్నాడు. నేను మా వీధంతా తిరిగాను. నేను పంచిన గోలీలు ఎవరింట్లో ఏ సీసాలో ఉన్నాయో అడుక్కున్నాను. తిట్టినవాళ్లు తిట్టారు. "ఇచ్చినయి మల్ల అడుగుతరా" అన్నవాళ్లు అన్నారు. ముగ్గురు ఇవ్వనే లేదు, బాగా పని చేస్తున్నాయట. పక్క వీధి రుచితకి ఆరో నెల. ఆమె డబ్బాలో చిన్న గోలీలు చూసి ఏంటంటే ఆస్పిరిన్ అంది. అది కూడా అదే జాతి అని మందుల షాపాయన ఆరోజు చెప్పింది గుర్తొచ్చి లాక్కొచ్చాను. సాయంత్రానికల్లా ఆశా వర్కర్ మా ఇంటిమీదికొచ్చింది. అది బీపీకి డాక్టర్ రాసిచ్చిన చిన్న మోతాదట, ఆపకూడదట. "నీకేం తెల్సని ఇస్తవ్? నీకేం తెల్సని గుంజుకుంటవ్?" అని అడిగింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. తిరిగి ఇచ్చి వచ్చాను. వీధిలో పోగైన గోలీలన్నీ ఆశా వర్కర్‌కే అప్పజెప్పాను.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు సరే అంటావు, నీ స్వభావం నాకు తెలుసు. అది నాకు వద్దు. రెండో స్కానింగ్ అయ్యాక నీరు పెరిగిందో లేదో ఆ ఒక్క మాట చెప్పించు. ముత్యమ్మతో చెప్పించినా సరే. నాకు తిండి దిగడం లేదు.

పుష్ప


కాజీపల్లి
అక్టోబర్, గురువారం

వదినా,

పెరిగింది.

నిన్న చూశారు. స్కానింగ్ ఆమె ఈసారి మాట ఆపలేదు. ఉండాల్సినంత ఉందట, కింది హద్దుకి కాస్త పైనే. బిడ్డ పెరుగుదల కూడా సరిగానే ఉందట. వారం వారం చూపించుకోవాలి. హైదరాబాద్ పోనక్కర్లేదు, ఇంద్రేశం దాకా నెమ్మదిగా పోవచ్చన్నారు. అనిల్ బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. తర్వాత నన్ను చూసి, "ఇంకోసారి నాకు చెప్పకుంట నీళ్లు గూడ తాగకు" అన్నాడు. అంటే మాటలు మొదలయ్యాయి. నీళ్లు ఇప్పుడు ఆయనే మోస్తున్నాడు. అన్నా నువ్వూ ఇంకా మాట్లాడుకోకపోతే ఈ కబురు అడ్డం పెట్టుకుని మొదలుపెట్టండి.

నడుము నొప్పి ఉంది. డాక్టరమ్మ పక్కకి తిరిగి పడుకోమంది, వేడినీళ్ల బట్ట పెట్టుకోమంది. మరీ భరించలేకపోతే పారాసిటమాల్ ఒకటి, అది దవాఖానలో పేరున్న అట్టతో ఇచ్చారు. ఇప్పటికి రెండుసార్లు వేసుకున్నాను. నీ గోలీల్లా మాయమేమీ కాదు, కాస్త తగ్గుతుంది. కాస్త తగ్గితే చాలని తెలిసింది.

కోపం పోయిందా అని అడుగుతావు. పోలేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివినా పోలేదు. కానీ బిడ్డ నీరు తగ్గిందన్నప్పుడు నేను అందరికీ అబద్ధం చెప్పాను, నీకొక్కదానికే నిజం రాశాను. ఎందుకు రాశానా అని ఆలోచించాను. నీకు రాయకపోయి ఉంటే ఆ గోలీలు ఈరోజు కూడా మింగుతూనే ఉండేదాన్ని. తెలిశాక నువ్వు దాచి ఉండవచ్చు. మొగుడి నౌకరి చూసుకుని, గోలీలు మానెయ్ అని ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు.

రాత్రి అన్నాల దగ్గర, నన్ను చూడడానికి ఊరి నుంచి వచ్చిన అత్తమ్మకి కాన్పుకి పుట్టింటికి పోతానని చెప్పాను. "మల్ల గా ఇంటికే పోతవా?" అంది. "గా ఇంటికే పోత" అన్నాను. "గామెకు జెప్పు, దవాఖాన చీటీ సూడకుంట నీకు తులసాకు గూడ ఇయ్యొద్దని" అంది. ఇదిగో, చెప్పాను.

వచ్చాక కూడా కొన్నాళ్లు నీమీద కోపంగానే ఉంటాను. నీ ఇంట్లో, నీ ఎదురుగానే ఉంటాను. భరించు.

ఆదివారం బయల్దేరుతాను. అన్నని పంపకు. నువ్వే రా.

తను